కళింగ రాజు పేరు చెప్పలేదని నా కుక్కర్ పోయింది, ఇది న్యాయమేనా?

బరంపురం_బావ
నిన్న మా పేటలో ఉగాది క్విజ్ పెట్టారు. అంశం ప్రపంచ చరిత్రలో యుద్ధాలు, దండయాత్రలు. చివరి ఇద్దర్లో నేనొకణ్ణి, ఎదురుగా మా ఇంటి పక్క మందుల షాపు కుర్రాడు. బహుమతి ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కర్. మా ఆవిడ మొదటి వరసలో కూర్చుని దాని మూత ఎటు తిరుగుతుందో కూడా చూసేసుకుంది. ఆఖరి ప్రశ్న ఏంటంటే, అశోకుడు కళింగ మీదికి వచ్చినప్పుడు కళింగ రాజు ఎవరు? నేను లేచి, ఆ పేరు ఎక్కడా రాసి లేదండీ, అశోకుడి శాసనంలో కళింగులు అనే ఉంది గానీ రాజు పేరు లేదు అన్నాను. తప్పన్నారు. అవతలి కుర్రాడు ఫోన్లో ఎప్పుడో చూసిన పేరొకటి చెప్పాడు. చప్పట్లు, కుక్కర్, ఫొటో అన్నీ వాడికే. నిర్వాహకులను అడిగితే కాగితంలో అదే ఉందండీ అంటారు. నాకు కుక్కర్ పోయినందుకు బాధ లేదు (కొంచెం ఉంది). కానీ గంజాం జిల్లాలో పుట్టి, అంత పెద్ద యుద్ధం ఈ నేల మీదే జరిగిందని చిన్నప్పటి నుంచి వింటూ, ఓడినవాడి పేరు కూడా మనకి తెలియదంటే నమ్మకపోవడం ఏంటి? తెలిసినవాళ్లు చెప్పండి, నేను కరెక్టా కాదా?

ఇచ్ఛాపురం_అల్లుడు
కరెక్టే. కానీ కుక్కర్ రాదు.

గుణుపురం_గోపి
ఆ కుర్రాడి దగ్గర మందులు కొనడం మానెయ్ బావా, అదే మన ఆర్థిక ఆంక్ష 😀

రుషికుల్య_మాష్టారు
బావగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. యుద్ధం క్రీస్తుపూర్వం 261 ప్రాంతంలో జరిగింది. దాని గురించి మనకున్న అసలు ఆధారం అశోకుడి 13వ శిలాశాసనం. అందులో లక్షన్నర మందిని తరలించుకుపోయారనీ, లక్షమంది చంపబడ్డారనీ, అంతకు ఎన్నో రెట్లు మంది చనిపోయారనీ ఉంది. రాజు పేరు లేదు. సేనాపతి పేరు లేదు. యుద్ధం ఏ ఊరి దగ్గర జరిగిందో కూడా లేదు. నాటకాల్లో, సీరియళ్లలో పేరు లేకుండా రాజును నిలబెట్టలేరు కాబట్టి ఎవరో ఒకరు పెట్టారు, అది క్విజ్ కాగితం దాకా పాకింది.

ఇంతకంటే విచిత్రం ఇంకోటి ఉంది. ముప్ఫై ఏళ్లు బడిలో చెప్పాను కాబట్టి అది కూడా చెప్పేస్తాను, తిట్టుకోకండి. బరంపురం నుంచి పురుషోత్తంపూర్ వైపు వెళితే ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది కదా. 1994లో పదో తరగతి పిల్లల్ని బస్సెక్కించుకుని తీసుకెళ్లాను. ఇనప కమ్మీల వెనక బండ, దాని మీద బ్రాహ్మీ అక్షరాలు, ఎండకి కళ్లు చికిలించుకుని చూశాం. ఒక పిల్ల అడిగింది, మాష్టారూ పశ్చాత్తాపం ఏ లైన్లో ఉంది అని. లేదమ్మా అన్నాను. నిజంగానే లేదు. జౌగడలోనూ లేదు, భువనేశ్వర్ దగ్గర ధౌళిలోనూ లేదు. 11, 12, 13 శాసనాలు ఈ రెండు చోట్లా చెక్కనే లేదు. ఎవరిని చంపి బాధపడ్డాడో ఆ మనుషులకు మాత్రం ఆ మాట చూపించలేదు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది, గుజరాత్ గిర్నార్‌లో ఉంది, ఇప్పటి పాకిస్తాన్ షాబాజ్‌గఢీలో ఉంది.

బరంపురం_బావ
మాష్టారూ, మరి ఆ చోట ఏం చెక్కించాడు?

రుషికుల్య_మాష్టారు
రెండు ప్రత్యేక శాసనాలు. మనుషులందరూ నా బిడ్డలే అన్నది వాటిలోదే. జౌగడలోవి సమాపా అనే ఊళ్లో ఉన్న అధికారులకు రాసినవి. అందులో ఒకటి మన సరిహద్దు వాళ్లు చదవాల్సింది. ఇంకా జయించని సరిహద్దు జనం 'రాజు మన గురించి ఏమనుకుంటున్నాడో' అని అనుకోవచ్చు, వాళ్లు నన్ను చూసి భయపడొద్దు, నావల్ల వాళ్లకి సుఖమే గానీ దుఃఖం లేదు అని చెప్పండి, ఇదీ సారాంశం. చదివితే నాకు కొత్తగా వచ్చిన కలెక్టరుగారి సర్క్యులర్ గుర్తొస్తుంది.

కొరాపుట్_కాఫీ
మాష్టారు చెప్పని ముక్క ఒకటి నేను కలుపుతా. ఆ 13వ శాసనంలోనే, ఏడుస్తూ ఏడుస్తూనే, అడవి జనాలకు ఒక హెచ్చరిక కూడా ఉంది. దేవానాంప్రియుడు (అశోకుడి బిరుదు) పశ్చాత్తాపపడ్డా ఆయనకి శక్తి ఉంది, మీరు తప్పులు మానకపోతే చంపబడతారు అని. మా వైపు కొండల్లో ఉండేవాళ్లకి ఇది చదివి వినిపిస్తే నవ్వుతారు. అయ్యగారు ఏడుస్తున్నారు గానీ కర్ర కింద పెట్టలేదన్నమాట అంటారు.

చాందా_బొగ్గు
నేను బల్లార్షా నుంచి. బొగ్గు గనిలో లెక్కలు చూసే పని కాబట్టి అంకె కనపడితే ఆగుతాను. లక్షమంది చావడం, లక్షన్నర మంది తరలింపు, ఇవన్నీ గుండు అంకెలు కాదా? గ్రీకు రాయబారి మెగస్తనీసు చెప్పినదాని ఆధారంగా ప్లినీ రాసిన లెక్కలో కళింగ రాజు దగ్గర 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు. అరవై వేల సైన్యం ఉన్న దేశంలో లక్షమంది ఎలా చచ్చారు?

రుషికుల్య_మాష్టారు
మెగస్తనీసు చంద్రగుప్తుడి కాలం వాడు నాయనా, అశోకుడి యుద్ధానికి నలభై ఏళ్ల ముందు మాట. పైగా చచ్చేది సైనికులేనా? ఆ శాసనమే బ్రాహ్మణులూ శ్రమణులూ ఇళ్లలో ఉన్న గృహస్థులూ దెబ్బ తిన్నారని చెబుతుంది. కానీ గుండు అంకె అన్నది ఒప్పుకుంటాను. తలలు ఎవరు లెక్కపెట్టారు?

చాందా_బొగ్గు
తలలు లెక్కపెట్టిన కథ ఒకటుంది, వినండి. క్రీస్తుపూర్వం 480లో పర్షియా రాజు జెర్క్సీజ్ గ్రీసు మీదికి పోతూ దారిలో డోరిస్కస్ అనే చోట సైన్యాన్ని లెక్కించమన్నాడట. పదివేల మందిని ఒకచోట ఎంత ఇరుకుగా వీలైతే అంత ఇరుకుగా నిలబెట్టి, చుట్టూ గీత గీసి, వాళ్లను పంపేసి, ఆ గీత మీద బొడ్డెత్తు గోడ కట్టారు. తర్వాత ఆ దొడ్లోకి జనాన్ని నింపడం, ఖాళీ చేయడం, నింపడం. 170 సార్లు నిండింది, కాబట్టి 17 లక్షల కాల్బలం అని హెరొడోటస్ రాశాడు. మా దగ్గర బొగ్గు కూడా టబ్బుల లెక్కే, అందుకే ఇది మర్చిపోను. ఇప్పటి చరిత్రకారులెవరూ ఆ అంకె నమ్మరు, అంతమందికి నీళ్లు కూడా దొరకవు. టబ్బు సగం నింపి ఫుల్ అని రాసే మేస్త్రీ అప్పుడు కూడా ఉండే ఉంటాడు.

గుణుపురం_గోపి
బొడ్డెత్తు గోడలో పదివేల మంది అంటే మా రథయాత్ర రోజు బస్టాండే.

పర్లాకిమిడి_పద్మ
అందరూ అశోకుడి దగ్గరే ఆగిపోయారు. నా గోల వేరు. మా అబ్బాయి ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. ఇంట్లో మా అత్తగారు వాడికి కృష్ణదేవరాయలు కళింగను ఎలా గెలిచాడో కథలాగా చెబుతారు, రాయలవారు వచ్చారు, కొండవీడు పట్టారు, పొట్నూరులో జయస్తంభం వేశారు అని. బడిలోనేమో వాళ్ల మాష్టారు ఒడిశా గజపతి రాజు కపిలేంద్ర దేవుడు గంగ నుంచి కావేరి దాకా ఎలా గెలిచాడో చెబుతారు. 'గజపతి గౌడేశ్వర నవకోటి కర్ణాట కలబర్గేశ్వర' అని ఆయన బిరుదు, వాడు అది రైలు బండిలాగా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. మొన్న అన్నం తింటూ అడిగాడు, అమ్మా మనం గెలిచామా ఓడామా అని. ముద్ద చేతిలోనే ఉంది, నాకు ఏం చెప్పాలో తోచలేదు. తెలుగువాళ్లం అనుకుంటే ఆ కథలో గెలిచాం, ఈ కథలో ఓడాం. ఒడిశా వాళ్లం అనుకుంటే తిరగేసి చదవాలి. ఊరేమో అదే ఊరు.

ఇచ్ఛాపురం_అల్లుడు
ఇందులో కన్‌ఫ్యూజన్ ఏముంది అక్కా. రాయలవారు మనవాడు, అంతే. ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి, రాజమండ్రి, సింహాచలం, వరసగా కొట్టుకుంటూ పోయాడు. అంత పెద్ద విజేత దక్షిణంలో ఇంకొకడు లేడు. పిల్లలకి గర్వంగా చెప్పుకోవాలి గానీ గెలిచామా ఓడామా అని తూకం వేసుకుంటూ కూర్చోవడం ఏంటి.

పర్లాకిమిడి_పద్మ
నువ్వు ఇచ్ఛాపురం అల్లుడివి కాబట్టి వారానికోసారి సరిహద్దు దాటి వెనక్కి పోతావు తమ్ముడూ. మాకు ఆ సరిహద్దు ఇంటి వెనకే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీను రెండు ముక్కలై, ఊరు ఇటు వచ్చింది, పొలాలు చాలావాటికి అటు పోయాయి. మా మావగారి వాళ్ల కొబ్బరితోట ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. కాయలు దింపడానికి వేరే రాష్ట్రానికి వెళ్తాం.

రుషికుల్య_మాష్టారు
అల్లుడుగారూ, రాయలు అంత కొట్టి చివరికి ఏం చేశాడో కూడా చెప్పాలి మరి. ఉదయగిరి ఒక్కదానికే ఏడాదిన్నర పట్టింది, 1513లో మొదలెట్టి 1514లో గానీ లొంగలేదు. 1515లో కొండవీడు. 1516కల్లా సింహాచలంలో శాసనం. అక్కడి నుంచి సంధి, ప్రతాపరుద్ర గజపతి కూతుర్ని పెళ్లాడాడు, కృష్ణకు ఉత్తరాన పట్టుకున్నదంతా మామగారికి తిరిగి ఇచ్చేశాడు. అంటే మన రాజమండ్రి, సింహాచలం, ఈ శ్రీకాకుళం దారంతా. ఏడేళ్లు కొట్లాడి తెచ్చుకుంది కట్నం ఎదురిచ్చినట్టు ఇచ్చేశాడు.

ఇచ్ఛాపురం_అల్లుడు
అది రాజనీతి మాష్టారూ. అంత దూరం నుంచి నిలబెట్టుకోలేనని తెలుసు, మామగారిని చేసుకుంటే ఉత్తరం వైపు పోరు ఉండదు. ఓడి ఇవ్వలేదు కదా.

రుషికుల్య_మాష్టారు
నేనూ అదే అంటున్నాను. నిలబెట్టుకోలేనని అతనికి తెలుసు. హిట్లరుకి తెలియలేదు.

రాయగడ_రైలు
హిట్లరు పేరు వచ్చింది కాబట్టి నేను దిగుతా. మా నాన్న నౌపడా స్టేషన్లో కూలీ మేస్త్రీ. పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు ఉండేది కదా, 1900లో మొదలైంది, తర్వాత గుణుపురం దాకా వేశారు. రెండున్నర అడుగుల గేజి, అంటే పట్టాల మధ్య వెడల్పు. నౌపడాలో పెద్ద లైను. అంటే గుణుపురం నుంచి వచ్చిన ప్రతి బస్తా అక్కడ చిన్న పెట్టె నుంచి దింపి పెద్ద పెట్టెలోకి ఎక్కించాలి. ఉప్పు బస్తాలు ఎదురు దిక్కున. వాన పడితే ఉప్పు కరిగి నాన్న భుజం మీద పుండ్లు పడేవి, రాత్రి అమ్మ కొబ్బరినూనె రాసేది. గేజి మారడం అంటే నాకు పుస్తకం కాదు, ఆ నూనె వాసన.

1941 జూన్ 22న జర్మన్లు ముప్ఫై లక్షల మందితో రష్యాలోకి దిగారు. వాళ్ల పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు, రష్యాది 1524. తొమ్మిది సెంటీమీటర్లు కూడా తేడా లేదు. కానీ ఆ కాస్తకే ఇంజన్లు సరిహద్దు దగ్గర ఆగిపోయాయి. ఒక పట్టా పీకి లోపలికి జరిపి మళ్లీ కొట్టుకుంటూ పోవాలి, లేదా బస్తాలన్నీ దింపి ఎక్కించాలి. పట్టా జరిపినా కష్టమే, రష్యా ఇంజన్ల నీళ్ల ట్యాంకులు పెద్దవి కాబట్టి వాళ్ల నీళ్ల స్టేషన్లు దూరదూరంగా ఉన్నాయి, జర్మన్ ఇంజను మధ్యలో దాహంతో చస్తుంది. ట్యాంకుల సినిమాలు చూసి అదంతా మోటారు సైన్యం అనుకుంటాం గానీ, వాళ్లు తెచ్చుకున్న గుర్రాలే ఆరు లక్షలకు పైన. వాటికి గడ్డి ఎవరు మోస్తారు? నౌపడా మేస్త్రీని అడిగి ఉంటే మాస్కో వద్దులే బాబూ అని చెప్పేవాడు.

చాందా_బొగ్గు
సూపర్ పోస్ట్ అన్నా.

గుణుపురం_గోపి
మా చిన్న రైల్లో పరిగెత్తి దిగి మూత్రం పోసుకుని మళ్లీ పరిగెత్తి ఎక్కేవాళ్లం. 2004లో ఆపేశారు. ఆ బండి మీద ఎవడూ దండయాత్ర చేయలేడు, చేస్తే సంధి జరిగాక చేరేవాడు.

బరంపురం_బావ
నెపోలియన్‌ని కూడా రష్యా చలే కొట్టింది కదా. క్విజ్‌లో ఆ ప్రశ్న కూడా వచ్చింది, 'నెపోలియన్‌ను ఓడించిన సేనాపతి ఎవరు, జనరల్ చలికాలం' అని నవ్వించారు.

చాందా_బొగ్గు
ఆ జోకు కూడా సగమే నిజం బావా. మినార్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు 1869లో ఒక పటం గీశాడు, సైన్యం ఎంత ఉంటే గీత అంత మందంగా. సరిహద్దు నది దాటేటప్పుడు 4,22,000. మాస్కో చేరేసరికి 1,00,000. అప్పటికి సెప్టెంబరు, మంచు ఇంకా పడలేదు. కొందరిని దారిలో కాపలాకి వదిలాడనుకో, అయినా ఎండ, విరేచనాలు, పేలతో వచ్చే టైఫస్, తిండి లేక పారిపోవడం, వీటికే సైన్యం కరిగిపోయింది. చలి మిగిలినవాళ్లని తింది. తిరిగొచ్చింది పదివేలు అని ఆ పటం లెక్క. మాస్కోలో ఐదు వారాలు ఎవరైనా సంధికి వస్తారేమోనని ఎదురుచూస్తూ కూర్చోవడం ఇంకో దరిద్రం.

సిరొంచ_శీను
మా దిక్కు ముచ్చట ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తా. సిరొంచ అంటే మహారాష్ట్ర, కానీ నది దాటితే కాళేశ్వరం, ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ. మేం లంబాడీలం. ఇందాక గుర్రాలకు గడ్డి ఎవరు మోస్తారు అని రాయగడ అన్న అడిగిండు కదా, ఇటు దిక్కు మోసింది మా తాత ముత్తాతలే. పెరిక ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని వేల ఎద్దుల బిడారు సైన్యం వెంట పోయేది. మొగలాయి ఫౌజుకు మేమే, మరాఠాలకు మేమే, 1803ల ఇంగ్లీషు సేనాపతి వెల్లెస్లీ దొరకు కూడా మేమే. ఎవరు గెలిచినా మా ఎద్దును ఎవరూ ముట్టొద్దని రెండు పక్షాలూ ఒప్పుకునేవాళ్లు, ఎందుకంటే రేపు వాళ్లకూ బియ్యం కావాలి. మా అవ్వ చెప్పేది, యుద్ధమంటే మనకు సంత రా అని.

ఓరుగల్లు సంగతి చూడుండ్రి. 1310ల ఢిల్లీ సేనాపతి మాలిక్ కాఫర్ వచ్చి ముట్టడేస్తే కాకతీయ ప్రతాపరుద్రుడు సంధి చేసుకుని ఏనుగులు, గుర్రాలు, సొమ్ము అప్పజెప్పిండు. తన బంగారు బొమ్మ చేయించి మెడకు గొలుసు వేసి పంపిండని అమీర్ ఖుస్రో రాసిండు. 1323ల ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చి కోట పట్టిండు, రాజును ఢిల్లీకి తీస్కపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయిండు. అంత చేసి ఢిల్లీ వాళ్లు ఎన్నేండ్లు నిలిచిండ్రు? పన్నెండు పదమూడేండ్లు. 1336 నాటికి కాపయ నాయకుడు ఓరుగల్లు మళ్లీ తీస్కున్నడు.

ఇచ్ఛాపురం_అల్లుడు
శీను అన్నా 'రెండు పక్షాలకూ మేమే' అన్నావే, అది వినడానికి కొంచెం... మరి దేశభక్తి?

సిరొంచ_శీను
ఏ దేశం తమ్మీ? అప్పటికి నీ రాయలు దేశమా, నిజాం దేశమా, భోంస్లే దేశమా? ఎద్దుకు మేత కావాలి.

కొరాపుట్_కాఫీ
👏

టింకూ_ఖాన్_కాదు
హలో నేను రాయగడ, ఇంటర్. ఇక్కడ ఎవ్వరూ చెంగిజ్ ఖాన్ గురించి మాట్లాడట్లేదు ఏంటి? ఒక్కో సైనికుడికి మూడు నాలుగు గుర్రాలు, పదులు వందలు వేలు అని డెసిమల్ సిస్టమ్, పోస్టల్ రిలే, మెరిట్ మీద ప్రమోషన్. సప్లై ప్రాబ్లమ్ అసలు లేదు, గుర్రమే బండి గుర్రమే తిండి. బెస్ట్ కాంకరర్ ఎవర్. క్విజ్‌లో ఆయన మీద పది ప్రశ్నలు ఉండాలి.

రుషికుల్య_మాష్టారు
బాబూ, మెచ్చుకో, కానీ పూర్తిగా చదివి మెచ్చుకో. 1218లో మధ్య ఆసియాలోని ఒత్రార్ ఊరి అధికారి మంగోలు వర్తకుల్ని గూఢచారులని చంపించాడు, సొమ్ము లాక్కున్నాడు. దానికి పగగా 1219లో దండెత్తి బుఖారా, సమర్ఖండ్, మెర్వ్, నిషాపూర్, ఊళ్లకి ఊళ్లు లేకుండా చేశాడు. తప్పు చేసింది ఒక అధికారి, సరే, అతని రాజు. మెర్వ్‌లో కుండలు చేసుకునేవాడు ఏం చేశాడు? 1258లో మనవడు హులాగు బాగ్దాద్‌ని అలాగే చేశాడు. ఖలీఫాను తివాచీలో చుట్టి గుర్రాలతో తొక్కించారని చెబుతారు. మూడేళ్లు తిరక్కుండా 1260లో ఐన్ జాలూత్ దగ్గర ఈజిప్టు మామ్లూకులు ఆ సైన్యాన్నే నిలబెట్టి కొట్టారు.

టింకూ_ఖాన్_కాదు
అప్పుడు హులాగు మెయిన్ ఆర్మీ వెనక్కి వెళ్లిపోయింది సార్, పెద్ద ఖాన్ చనిపోయాడని. చిన్న ఫోర్స్ మిగిలింది. సో అది కౌంట్ కాదు.

రుషికుల్య_మాష్టారు
ఈ మాట మాత్రం నిజం. బాగా చదువుతున్నావు. వెనక్కి వెళ్లడానికి సిరియాలో అంత గుర్రాలకి గడ్డి చాలకపోవడం కూడా కారణం అంటారు. నీ 'సప్లై ప్రాబ్లమ్ లేదు' అన్నది కొట్టెయ్.

రాయగడ_రైలు
మళ్లీ గడ్డి దగ్గరికే వచ్చాం 😀

పర్లాకిమిడి_పద్మ
బొబ్బిలి గురించి ఎవరూ అనరేం? మా పుట్టిల్లు ఆ వైపే. బుర్రకథలో తాండ్ర పాపారాయుడు వచ్చేసరికి మా నాన్న లేచి నిలబడిపోయేవారు. 1757 జనవరి 24. కోట ముందు ఫ్రెంచ్ ఫిరంగులు, నిజమే. కానీ ఫ్రెంచ్ సేనాపతి బుస్సీని అక్కడికి తీసుకొచ్చింది ఎవరు, పక్కనున్న విజయనగరం రాజావారే కదా. పరాయివాడికి ఆ కోట దారి ఏం తెలుసు. ఆ గెలిచిన విజయరామరాజు గుడారంలోనే మూడు రాత్రులు తిరక్కుండా పాపారాయుడి కత్తికి పోయాడు. చివరికి లాభపడింది ఫ్రెంచివాడు, వాణ్ణి రెండేళ్లలో ఇంగ్లీషువాడు చందుర్తి దగ్గర, బందరు దగ్గర కొట్టి తరిమాడు.

చాందా_బొగ్గు
అమెరికా ఖండంలో కూడా ఇదే కథ అక్కా. 168 మందితో పిజారో 1532లో ఇంకా చక్రవర్తి అతావల్పాను పట్టేశాడు అంటారు, వినడానికి అద్భుతం. కానీ అప్పటికే పెద్ద రాజు జబ్బుతో పోయి, ఇద్దరు కొడుకులు కొట్టుకుని, దేశం రెండుగా చీలి ఉంది. గదినిండా బంగారం ఇస్తానన్నాడు, ఇచ్చాడు, తీసుకుని చంపేశారు. మెక్సికోలో కోర్తెజ్ వెంట స్పెయిన్ వాళ్లు వందల్లో, అజ్టెకుల మీద పగ ఉన్న త్లష్కలా మనుషులు వేలల్లో. 1520లో మశూచి మిగతా పని చేసింది. 'కొద్దిమంది వీరులు' అనే కథ వినగానే వాళ్ల పక్కన ఎవరున్నారో వెతకాలి.

బరంపురం_బావ
విజయనగరం వాళ్లెవరైనా ఈ వేదికలో ఉంటే ఇప్పుడు రెండో బొబ్బిలి యుద్ధం మొదలవుతుంది జాగ్రత్త.

గుణుపురం_గోపి
ఉన్నా. మా మేనత్త విజయనగరం. కానీ అన్నం తిని వచ్చి పోట్లాడతా.

కొరాపుట్_కాఫీ
యుద్ధంలో బంగారం కంటే నాకు విగ్రహాల సంగతి విచిత్రంగా ఉంటుంది. కళింగ రాజు ఖారవేలుడు హాథీగుంఫా శాసనంలో నందరాజు ఎత్తుకుపోయిన కళింగ జినుణ్ణి (జైన విగ్రహం) మగధ నుంచి మళ్లీ తెచ్చానని గర్వంగా చెక్కించాడు. రాయలు ఉదయగిరి నుంచి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, అటు ఉదయగిరికీ కాదు, ఇటు హంపికీ కాదు. వెనిస్‌లో నాలుగు కంచు గుర్రాలున్నాయి. 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ని దోచి వెనిస్ వాళ్లు తెచ్చుకున్నారు. 1797లో నెపోలియన్ వాటిని పారిస్‌కి లాక్కుపోతే అన్యాయం అన్యాయం అని ఏడ్చారు. 1815లో తిరిగి వచ్చాయి. ఎక్కడికి? కాన్‌స్టాంటినోపుల్‌కి కాదు, వెనిస్‌కే.

పర్లాకిమిడి_పద్మ
పూరీ వైపు సాక్షిగోపాలుడు కూడా కాంచీ యుద్ధంలో పురుషోత్తమ దేవుడు తెచ్చినవాడే అంటారు మా పక్కింటి ఒడియా పిన్ని. జగన్నాథుడు, బలభద్రుడు నల్ల గుర్రం తెల్ల గుర్రం ఎక్కి ముందే యుద్ధానికి పోయారనీ, దారిలో మాణిక అనే గొల్ల పడుచు దగ్గర పెరుగు తాగి ఉంగరం తాకట్టు పెట్టారనీ కథ. మా వీధిలో రెండు ఇళ్ల గోడల మీద ఆ బొమ్మ ఉంది. మా అత్తగారు అది చూసి, దేవుళ్లు కూడా మజ్జిగ అప్పు పెట్టి యుద్ధానికి పోయారమ్మా, వాళ్లకీ రేషన్ లేదు అంటారు.

సిరొంచ_శీను
అత్తగారికి దండం. మా అవ్వతో కలిపితే సభ పెట్టొచ్చు.

ఇచ్ఛాపురం_అల్లుడు
సరే ఓటమి ఒప్పుకుంటున్నా. రాయలు మనవాడే, కానీ సైన్యం తిన్న బియ్యం ఎవరివో అడగాలి అంటారు, అంతే కదా. మహేంద్రగిరి మీద రాజేంద్ర చోళుడి శాసనం ఉందని మా మావగారు చెప్పారు, పక్కనే పులి, చేపలు చెక్కి ఉంటాయట. వాళ్లు కూడా ఈ దారినే వచ్చారు. ఎవడు పైకి పోవాలన్నా కిందికి రావాలన్నా మన ఊళ్ల మీంచే. సముద్రానికీ కొండలకీ మధ్య ఉన్న దారి ఇదొక్కటే కదా, ఇప్పుడు హైవే వేసింది కూడా దాని మీదే. 1803లో ఇంగ్లీషు సైన్యం మరాఠాల దగ్గర ఒడిశా లాక్కోవడానికి గంజాం నుంచే బయలుదేరి అక్టోబరు 14కి కటక్‌లోని బారాబటి కోట పట్టేసింది.

రుషికుల్య_మాష్టారు
హమ్మయ్య. ఇన్నాళ్లకి అల్లుడుగారు తారీఖుతో సహా చెప్పారు.

టింకూ_ఖాన్_కాదు
సార్ జౌగడ అంటే అర్థం ఏంటి?

రుషికుల్య_మాష్టారు
ఒడియాలో జఉ అంటే లక్క. లక్కతో కట్టిన కోట, శత్రువు ఎక్కబోతే జారిపోతాడని జనం చెప్పుకునే కథ. ఇప్పుడు వెళితే మట్టి కోట గోడల దిబ్బలు, మధ్యలో వరిపొలాలు. పోయినసారి వెళ్లినప్పుడు గట్టు మీద ఒక మేక నిలబడి ఉంది, దానికి ఏం జారలేదు.

బరంపురం_బావ
అయితే వచ్చే ఆదివారం పోదాం. రాగలిగినవాళ్లు పొద్దున ఏడింటికి బరంపురం పాత బస్టాండు దగ్గరికి రండి. రాజు పేరు అక్కడ లేదని ఫొటో తీసి నిర్వాహకులకి పంపుతా.

రాయగడ_రైలు
లేనిదాన్ని ఫొటో ఎలా తీస్తావు బావా?

బరంపురం_బావ
...

పర్లాకిమిడి_పద్మ
నేనూ మా అబ్బాయీ వస్తాం. తిండి సంగతి ముందే తేల్చండి, అక్కడ హోటల్ ఉండదు. పులిహోర నేను తెస్తా, పెరుగన్నం ఎవరు?

సిరొంచ_శీను
మేం రాలేం, ఆరు వందల కిలోమీటర్లు. ఎద్దులు పంపమంటే పంపుతా.

గుణుపురం_గోపి
పెరుగన్నం నాది. ఉంగరం తాకట్టు పెట్టక్కర్లేదు.

బరంపురం_బావ
చోలే మా ఆవిడ చేస్తానంది గానీ పదిమందికి ఉడకాలంటే పెద్ద కుక్కర్ కావాలట. పక్కింటి కుర్రాణ్ణి అడగాల్సి వచ్చింది. ఇస్తానన్నాడు. వాడు కూడా వస్తాడట.